తిరిగి చెప్పడం

శిక్షణ మొదటి రోజు పెద్ద సిస్టర్ వెంటిలేటర్ గురించి చెప్పలేదు, గుండె గీతల గురించి చెప్పలేదు. బోర్డు మీద ఒకే ఒక్క మాట రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది. ఆ మాట "అలాగే".

"ఈ గదిలో గానీ, పక్కనున్న ఐసీయూలో గానీ ఈ మాట నాకు వినపడకూడదు," అంది. "డాక్టరు గారు ఒక మందు చెప్తారు. మీరు 'అలాగే సార్' అంటారు. అందులో ఏముంది? విన్నామని ఉందా? సరిగ్గా విన్నామని ఉందా? ఖాళీ సంచీ చేతికిచ్చి సరుకు ముట్టిందనడం అది."

బెంచీల మీద ఆరుగురు నర్సులు కూర్చున్నారు. అందరూ మామూలు వార్డుల్లో రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లే. పన్నెండు రోజుల తర్వాత ఆ ఆరుగురూ ఐసీయూలో ప్రాణాపాయంలో ఉన్న మనుషుల పక్కన నిలబడాలి.

"మరేమనాలి మేడమ్?" అని ముందు బెంచీలోంచి ఒకమ్మాయి గట్టిగా అడిగింది. ఆ అమ్మాయి నోరు తెరిస్తే వరండా చివరిదాకా వినపడుతుంది. తోటివాళ్లు అప్పటికే రేడియో అని పేరు పెట్టేశారు.

"చెప్పింది తిరిగి చెప్పాలి. మందు పేరు, ఎంత, ఎలా, ఎంతసేపట్లో. చివర 'అవునా' అనాలి. ఆయన అవునన్నాకే మీ చెయ్యి కదలాలి."

వెనక బెంచీలో సన్నగా ఉన్న అమ్మాయి పెదవులు కదిలాయి. ఏమందో ఎవరికీ తెలియలేదు.

"ఏంటమ్మా?"

"అవుననకపోతే ఏం చెయ్యాలని అడుగుతోంది మేడమ్," అంది రేడియో. "దానికి గొంతు లేదు. మా వార్డులో గుసగుస అంటారు."

"అవుననేదాకా అడుగుతూనే ఉండాలి," అంది పెద్ద సిస్టర్. మనసులో మాత్రం ఆరుగురినీ అప్పుడే తూకం వేసుకుంది. రేడియో గట్టి సరుకు. మిగతా నలుగురూ పనికొస్తారు. గుసగుస తూగదు. ఐసీయూలో ఎనిమిది మంచాల దగ్గర ఎనిమిది యంత్రాలు కూస్తుంటే ఈ గొంతు ఎవరికి వినపడుతుంది? ముప్పై ఏళ్లుగా మనుషుల్ని చూసి ఇలా అంచనా కట్టడం ఆమెకు అలవాటు. చాలాసార్లు అది సరిపోయింది కూడా.

పాఠాలు మొదలయ్యాయి. మంచం మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మకు వాళ్లు బావగారని పేరు పెట్టారు, ఎవరు ఎన్నిసార్లు గుచ్చినా నోరెత్తడు కనక. బావగారి గొంతులోని గొట్టంలోంచి కఫం లాగడం నేర్పేటప్పుడు పెద్ద సిస్టర్ ఒక చిట్కా చెప్పింది. "లాగడం మొదలెట్టగానే మీరూ ఊపిరి బిగబట్టండి. మీకెప్పుడు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుందో ఆయనకీ అప్పుడే. వెంటనే గొట్టం బయటికి తీసెయ్యండి." మందు నింపిన ప్రతి సిరంజీకి చీటీ అంటించడం, చీటీ లేని సిరంజీ ఎవరిదైనా సరే బుట్టలో పారెయ్యడం, మత్తులో ఉన్న మనిషి కళ్లు ఎండిపోకుండా మూయడం, మందు పంపు మోగితే ముందు బొత్తాం నొక్కి నోరు మూయించకుండా మనిషి మొహం చూడడం. ఒక్కో పనీ పదేసిసార్లు చేయించింది.

తిరిగి చెప్పడం మాత్రం లెక్క లేకుండా చేయించింది. మాస్కు కట్టుకుని తెర వెనక నిలబడి, పక్కన పంపును మోగనిచ్చి, ఏదో ఒక మందు చెప్పేది. తెర ఇవతలి అమ్మాయి దాన్ని తిరిగి చెప్పాలి. అర అంటే ఆరు అని, ఎనిమిది అంటే తొమ్మిది అని వినేవాళ్లు. "చూశారా? బావగారు మళ్లీ పోయారు," అనేది పెద్ద సిస్టర్ తెర తీసి.

మూడో రోజుకల్లా అందరిలోకీ ఒక్క తప్పూ చేయనిది గుసగుసే. తనకు సరిగా వినపడలేదని చెప్పడానికి ఆ అమ్మాయి సిగ్గుపడేది కాదు. మూడుసార్లైనా అడిగేది. పెద్ద సిస్టర్ తన అంచనాను కొంచెం సవరించుకుంది. గొంతు సంగతి అలా ఉన్నా, చెవి ఖరీదైనది.

*

నాలుగో రోజు ఆరుగురినీ ఐసీయూలోకి తీసుకెళ్లి ఒక్కో మంచం దగ్గర నిలబెట్టింది. గుసగుసకు నాలుగో మంచం వచ్చింది. అందులో ఉన్నవాడు లారీల మెకానిక్కు. నలభై ఏళ్లుంటాయి. ఒంట్లో చీము చేరి రక్తంలో కలిసింది. వెంటిలేటర్ మీద ఉన్నాడు. బీపీ పడిపోకుండా పంపులోంచి మందు ఎక్కుతోంది. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు ఇంకా అలాగే ఉంది. గుసగుస తడిగుడ్డతో ఒక్కో గోరూ తుడుస్తుండగా పెద్ద డాక్టరు వచ్చాడు.

ఆయన ఆ ఐసీయూకి అధిపతి. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. చార్టు చూసి, "బీపీ మందు గంటకి ఎనిమిది చెయ్యి," అన్నాడు.

"సార్, బీపీ మందు గంటకి ఎనిమిది మిల్లీలీటర్లకి పెంచుతున్నాను. అవునా?"

ఆయన తలెత్తి చూశాడు. "అదేగా చెప్పింది. సెలైన్ అరలీటరు ఎక్కించు."

"సార్, సెలైన్ అరలీటరు. ఎంతసేపట్లో సార్?"

"అరగంటలో!"

"అరలీటరు, అరగంటలో. అవునా సార్?"

"ఏంటమ్మా ఇది? నేను పాఠం చెప్తున్నానా, నువ్వు అప్పజెప్తున్నావా?" చుట్టుపక్కల మంచాల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. "ఇరవై ఏళ్లుగా చేస్తున్నా. నాకే ఎదురు చెప్తావా?"

గుసగుస భయపడింది గానీ వెనక్కి తగ్గలేదు. "ఎదురు చెప్పట్లేదు సార్, తిరిగి చెప్తున్నా. మీరు అవునంటే మొదలుపెడతాను," అంది.

డాక్టరు చేతిలో ఉన్న పెన్ను చార్టు మీద పడేసి వెళ్లిపోయాడు. అవునని మాత్రం అనలేదు. గుసగుస ఆయన వెనకే వరండాలోకి పరుగెత్తింది. ఆయనచేత అవుననిపించుకున్నాకే వచ్చి సెలైన్ తిప్పింది.

మధ్యాహ్నానికల్లా నర్సింగ్ సూపరింటెండెంట్ నుంచి పిలుపు వచ్చింది. ఆవిడా పెద్ద సిస్టరూ ఒకే బ్యాచిలో చదువుకున్నారు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు మర్యాదలేవీ ఉండవు.

"చదువు," అంటూ సూపరింటెండెంట్ బల్ల మీంచి ఒక కాగితం తోసింది.

శిక్షణలో ఉన్న ఒక నర్సు అందరి ముందూ తనకు ఎదురు చెప్పిందనీ, ఆమెను ఐసీయూ నుంచి తీసెయ్యాలనీ డాక్టరు రాశాడు.

"ఎదురు చెప్పలేదే. తిరిగి చెప్పింది. నేనే చెప్పమన్నాను. ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉంది!"

"తేడా నీకూ నాకూ తెలుసు. ఆయన చెవికి రెండూ ఒకటే. ఏం చేద్దామంటావ్? ఆ పిల్లని వార్డుకి పంపేద్దామా, నీ పద్ధతి ఆపేద్దామా?"

"రెండూ కుదరవు."

"రెండూ కుదరవంటే ఎలాగే? రేపటిదాకా ఆలోచించుకో."

*

సాయంత్రం పెద్ద సిస్టర్ ఇంటికి పోకుండా భర్త దుకాణానికి వెళ్లింది. మేకులు, స్క్రూలు, బోల్టులు, గొలుసులు అమ్మే దుకాణం అది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు మీద అందులో ఉన్న సరుకు ఒక్కోటి కట్టి ఉంటుంది. ఆమె ఎత్తు పీట మీద కూర్చుంది. భర్త ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అర అంగుళం స్క్రూలు ఆరు డబ్బాలు. ఆరు. ఐదు తర్వాత వచ్చే ఆరు. అవునా? ఇత్తడివా, ఇనుమువా? ఇనుమువి. సరే, మొత్తం ఇంకోసారి చెప్తా వినండి..."

ఫోను పెట్టేసి ఆమె మొహం చూశాడు. "ఏంటి, ఎవరితో తగువు?"

జరిగింది చెప్పింది. చెప్పి, "మీ గిరాకీలెవరూ మీమీద కోప్పడరేంటండీ? ప్రతివాడికీ రెండేసిసార్లు అప్పజెప్తారుగా," అంది.

"కోప్పడతారెందుకు? ఇత్తడివి అడిగినవాడికి ఇనుమువి పంపితే అప్పుడు కోప్పడతారు." బోల్టుకు నట్టు బిగించి చూశాడు. "కానీ ఒకటి. గిరాకీ కోపంగా ఉన్నప్పుడు సరుకు మంచిదని వాదించకూడదు. లోపల పెట్టెయ్యాలి. కోపం తగ్గాక మెల్లిగా బయటికి తియ్యాలి. ఆ పిల్లని నాలుగు రోజులు ఆయన కళ్లకి కనపడనివ్వకు, వినపడనివ్వకు. అంతే, బేరం తెగుతుంది."

ఆ మాట ఆమెకు నచ్చింది. పద్ధతి పోదు, పిల్లా పోదు. మర్నాడు సూపరింటెండెంటును ఒప్పించడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గుసగుస బ్యాచిలోనే ఉంటుంది, అయితే ఐసీయూలో మంచం కాళ్ల వైపు నిలబడి చూడడమే. ఏదీ ముట్టుకోకూడదు. డాక్టరు ముందు నోరు తెరవకూడదు. ఆయన ఉండగా నాలుగో మంచం మందులు పెద్ద సిస్టరే స్వయంగా ఇస్తుంది. శిక్షణ అయ్యాక చూసుకోవచ్చు.

గుసగుసను వరండాలోకి పిలిచి సంగతి చెప్పింది. "ఇది నీ మేలుకే అమ్మా. కొన్ని రోజులు ఓపిక పట్టు."

గుసగుస తలొంచుకుంది. "అలాగే మేడమ్," అంది.

పెద్ద సిస్టర్ ఆ మాట విన్నది. ఆ పూట మాత్రం సరిదిద్దలేదు.

*

తొమ్మిదో రోజు దాకా బేరం బాగానే నడిచింది. డాక్టరు చల్లబడ్డాడు. రేడియో, మిగతా నలుగురూ ఆయన ముందు మాత్రం గొంతు తగ్గించి, తిరిగి చెప్పీ చెప్పనట్టు గొణిగేవాళ్లు. పెద్ద సిస్టర్ చూసీ చూడనట్టు ఊరుకుంది. గుసగుస చేతులు వెనక్కి కట్టుకుని నాలుగో మంచం కాళ్ల వైపు నిలబడేది. పెద్ద సిస్టర్ మిగతావాళ్లకు నేర్పుతుంటే ఆ అమ్మాయి కళ్లు ఆమె వేళ్లనే చూస్తుండేవి.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు మెకానిక్కుకు మత్తు తేలిపోసాగింది. నోట్లోని గొట్టాన్ని పళ్లతో కొరికేస్తున్నాడు. ఛాతీ ఒకటి లాగితే వెంటిలేటర్ ఒకటి తోస్తోంది. అలారం ఆగకుండా మోగుతోంది. బీపీ ఎనభై ఎనిమిది. అది కూడా మందు మీద నిలబడినదే. డాక్టరు ఐదో మంచం దగ్గర మాస్కు, గౌను, గ్లవుజులు వేసుకుని ఒక ముసలాయన మెడలోకి సన్నటి గొట్టం దించుతున్నాడు. చెయ్యి తీసే వీలు లేదు, తల తిప్పే వీలూ లేదు.

"నాలుగో మంచం ఆయన కొట్టుకుంటున్నాడు సార్!" అంది పెద్ద సిస్టర్.

ఆయన అటు తిరిగే ఏదో మందు చెప్పాడు.

"అలాగే సార్," అంది పెద్ద సిస్టర్.

మత్తు మందు పాలలా తెల్లగా ఉంటుంది. సీసాలోంచి సిరంజీలోకి లాగింది. మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాములు. అరవై అన్నాడు కనక ఆరు. ఆరో గీత దగ్గర ఆపి, బుడగ కొట్టి, చీటీ అంటించి, మెడ దగ్గరి గొట్టానికి తగిలించింది. అరవై కొత్తేమీ కాదు. గట్టిగా ఉన్న మనుషులకు అంతకంటే ఎక్కువే ఇచ్చింది. వేలు సిరంజీ మీద ఆనించింది.

"సార్."

ఎవరికీ వినపడలేదు.

"సార్!" ఈసారి గొంతు చీలినట్టు వచ్చింది. "నాలుగో మంచానికి మత్తు మందు అరవై మిల్లీగ్రాములు. ఆరు, సున్నా. ఇప్పుడే ఇచ్చెయ్యాలి. అవునా సార్?"

పెద్ద సిస్టర్ వేలు ఆగిపోయింది.

"ఇరవై!" డాక్టరు మాస్కులోంచి అరిచాడు. "ఇరవై అన్నాను! ఈ బీపీ మీద అరవై ఇస్తే మనిషి మిగులుతాడా?"

పెద్ద సిస్టర్ రెండు గీతల మందు మాత్రమే ఎక్కించింది. మెకానిక్కు దవడలు వదులయ్యాయి. ఛాతీ, వెంటిలేటర్ ఒక తాళంలోకి వచ్చాయి. బీపీ ఎనభై రెండుకు దిగి, అక్కడే రెండు నిమిషాలు ఊగి, మెల్లిగా ఎనభై ఆరుకు ఎక్కింది. ఇరవైకే ఆరు మెట్లు దిగింది. ఆ లెక్క వేసుకోవడానికి ఆమెకు బోర్డు అక్కర్లేదు.

సిరంజీని గొట్టంలోంచి విప్పింది. అందులో నాలుగు గీతల తెల్లటి మందు మిగిలింది.

డాక్టరు తన పని ముగించి, గ్లవుజులు విప్పుకుంటూ వచ్చాడు. గుసగుసను చూశాడు. "చూశారా సిస్టర్ గారూ? ఇరవై అంటే అరవై వింటుంది. వినడం రాని మనిషి మొన్న నాకు అప్పజెప్పబోయింది. ఇంక ఈ అమ్మాయిని ఇక్కడ చూడకూడదు నేను."

గుసగుస మాట్లాడనని ఇచ్చిన మాట ఒకసారి తప్పింది. రెండోసారి తప్పదల్చుకోనట్టు చేతులు వెనక్కి కట్టుకునే ఉంది. పెద్ద సిస్టర్ నోరు తెరిచేలోపు ఐదో మంచం ముసలాయన కొడుకు తలుపు దగ్గరికి వచ్చాడు. డాక్టరు అటు వెళ్లిపోయాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. అలా మూసుకోవడం ఎంత సుఖంగా ఉందో ఆమెకు తెలిసింది, ఆ సుఖానికి ఒళ్లు మండింది.

వరండాలో గుసగుసను ఆపింది. "ఆయన ఇరవై అన్నారని నీకెలా తెలిసింది?"

"తెలీదు మేడమ్. ఆయనేమన్నారో నాకూ వినపడలేదు. మీరు తిరిగి చెప్పలేదు. సిరంజీలో ఆరు కనపడింది. కనపడిందే చెప్పాను."

"నేను నోరు తెరవద్దన్నానుగా?"

"అన్నారు మేడమ్." తల దించుకుంది. "ఇంక వార్డుకి వెళ్లిపోనా?"

"భోంచేసిరా ముందు," అంది పెద్ద సిస్టర్.

*

జరిగిన పొరపాట్లు రాయడానికి ఆసుపత్రిలో ఒక ఫారం ఉంది. నష్టం జరిగితేనే రాస్తారు. జరగబోయి ఆగినదాన్ని ఎవరూ రాయరు. పెద్ద సిస్టర్ ఒక ఫారం తీసుకుని క్లాసు గదిలో బావగారి పక్కన కూర్చుంది.

కాసేపు రెండు వైపులా చూసుకుంది. రాయకపోతే పోయేది ఒక పిల్ల ఉద్యోగంలో ఒక మెట్టు. వార్డులో ఆ పిల్ల బాగానే పనిచేసుకుంటుంది. తన పేరు చెడదు. శిక్షణ బాధ్యత ఈ నెలతో తనకు ఖాయం కావాలి. రాస్తే అది పోవచ్చు. ఇంతవరకూ లెక్క రాయకూడదనే చెప్తోంది. కానీ ఈ లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. రేపు తొలగించేది గుసగుసను కాదు. ఆ గదిలో ఆ క్షణాన నోరు తెరిచిన ఒకే ఒక్క మనిషిని. నోరు మూయించే పని మొదలుపెట్టింది డాక్టరూ కాదు. బేరం పెట్టింది తనే.

పెన్ను తీసి రాసింది.

పొరపాటు చేసినవారు: శిక్షణ ఇచ్చే సిస్టర్. ఏం జరిగింది: ఇరవై అన్నది అరవై అని విని, ఆరు మిల్లీలీటర్లు సిరంజీలోకి తీశాను. కారణం: అలాగే అన్నాను, తిరిగి చెప్పలేదు. నష్టం ఎలా ఆగింది: శిక్షణలో ఉన్న నర్సు తిరిగి చెప్పింది. మాట్లాడవద్దని అంతకుముందు ఆమెకు నేనే చెప్పి ఉన్నాను. మళ్లీ శిక్షణ అవసరమైనవారు: నేను.

సూపరింటెండెంట్ రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసింది. "నీకేమైనా మతి పోయిందా? ఆ మనిషికేం కాలేదుగా?"

"కాలేదు."

"మరి? ముప్పై ఏళ్లలో నీ మీద ఒక్క మచ్చ లేదు. ఈ కాగితం పైకెళ్తే నీ చేతికింద పిల్లల్ని పెడతారా?"

"పెట్టకపోతే పెట్టరు. ఆ పిల్ల మీద ఉన్న మాట మాత్రం దించాలి. విన్నది నేను, తప్పు నాది. ఆ పిల్లది చెవి తప్పు కాదని డాక్టరు గారు చదవాలి. ఆయనకి పంపు."

"ఆయన నీ మీద కూడా ఎగురుతాడు."

"ఎగరనీవే. ఆయన ఎగరడం నేను ఇప్పుడే చూస్తున్నానా?"

సూపరింటెండెంట్ ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకుని, కాగితం మీద ముద్ర వేసింది.

*

మర్నాడు పొద్దున పెద్ద సిస్టర్ ఐదుగురితోనే ఐసీయూలోకి వెళ్లింది. ఎక్కడుండాలో తేలేదాకా గుసగుసను పాత వార్డులోనే పని చూడమన్నారు. డాక్టరు అప్పటికే నాలుగో మంచం దగ్గర ఉన్నాడు. మెకానిక్కు బీపీ కొంచెం పుంజుకుంది. డాక్టరు కోటు జేబులోంచి ఫారం మడత కనపడుతోంది.

ఆయన చార్టు తిరగేస్తూనే మాట్లాడాడు. "చదివాను."

పెద్ద సిస్టర్ పంపు మీది అంకె సరిచూసింది.

"ఒకటి తప్పు రాశారు." ఫారం తీసి మంచం అంచు మీద పెట్టాడు. కారణం అన్న చోట, ఆమె రాసిన వాక్యం కింద వంకర అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. మాస్కులోంచి, తల అటు తిప్పుకుని చెప్పాను, బదులు కోసం ఆగలేదు. దాని కింద ఆయన సంతకం.

"మొత్తం మీరే వేసుకుంటే ఎలా?" అన్నాడు.

అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. క్షమించమన్న మాట రాలేదు. అది ఆయన దుకాణంలో దొరికే సరుకు కాదని ఆమెకు తెలుసు. మెకానిక్కు కాలి మీద వేలు నొక్కి చూశాడు. వాపు తగ్గింది. మూత్రం సంచీ పైకెత్తి చూశాడు. ఆ తర్వాత చుట్టూ చూశాడు.

"ఆ అమ్మాయి ఏది?"

"వార్డులో ఉంది సార్."

"పిలిపించండి. ఈయన మందులు మార్చాలి."

"చెప్పండి సార్, నేను రాసుకుంటాను."

"మీరొద్దు," అన్నాడు. నవ్వాడో లేదో మాస్కులో తెలియలేదు. "మీరు అలాగే అంటారు."

వెనక రేడియో దగ్గు వచ్చినట్టు నటించింది. పెద్ద సిస్టర్ మొహం వేడెక్కింది. ఆ మాట తనకు తగలాల్సిందే అనిపించింది. వార్డుకు ఫోను చేసింది.

గుసగుస మెట్ల మీద పరుగెత్తి వచ్చినట్టుంది. ఊపిరి ఇంకా అందలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం కాళ్ల వైపు వెళ్లి నిలబడింది. చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

"అక్కడ కాదు," అంది పెద్ద సిస్టర్. "తల దగ్గరికి రా. పంపు నీది."

గుసగుస తల దగ్గరికి వచ్చింది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగి, ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"బీపీ మందు గంటకి ఐదుకి తగ్గించు. మత్తు మందు గంటకి మూడు. సాయంత్రం దాకా అంతే."

గుసగుస పెదవులు కదిలాయి. పక్క మంచం దగ్గర పంపు మోగుతోంది.

డాక్టరు కదల్లేదు. చార్టు మూయలేదు. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగాడు.

"వినపడలేదు," అన్నాడు. "మళ్లీ చెప్పమ్మా."